ముప్ఫై ఐదో పడక

జూన్ 4, 2025

మేనల్లుడు ఫోన్ చేశాడు. కొత్తగూడ వెనక మా బావ ఎప్పుడో చవగ్గా కొని పడేసిన రెండు వందల గజాల్లో ఇల్లు లేపుతాడట. ఉండడానికి కాదు. మొత్తం ఒక కో-లివింగ్ కంపెనీ చేతిలో పెడితే వాళ్ళు గదులవారీగా, పడకలవారీగా అద్దెకిచ్చుకుంటారు. "అగ్రిమెంటు మీరొకసారి చూడండి మామయ్యా, బ్యాంకులో జీవితమంతా ఇవేగా చదివారు" అన్నాడు. బ్యాంకులో మేం చదివింది తాకట్టు పత్రాలు. ఫరవాలేదు, రెండింట్లోనూ అసలు సంగతి చివరి పేజీల్లోనే ఉంటుంది.

శంకుస్థాపన శ్రావణంలో. మధ్యలో ఆషాఢం ఉంది కాబట్టి తీరిగ్గా చదవొచ్చు.

జూన్ 7

కంపెనీ లెక్కల కాగితం వచ్చింది. స్టిల్టు మీద మూడంతస్తులు, అంతస్తుకి ఆరు గదులు, మొత్తం పద్దెనిమిది. టూ షేరింగ్, త్రీ షేరింగ్ కలిపి 45 పడకలు. పడకకి సగటున 8,500 చొప్పున నెలకి 3,82,500. ఆక్యుపెన్సీ 95 శాతం అని వేసుకున్నారు. అందులో మనవాడికి 'మినిమమ్ గ్యారంటీ' 1,35,000. అవే మూడంతస్తులు మూడు సంసారాలకిస్తే తొంభై వేలొస్తే గొప్ప. వాడి కళ్ళు ఎందుకు మెరిశాయో అర్థమైంది.

కింద ఒక వాక్యం రంగు పెట్టెలో వేశారు. మామూలు ఇంట్లో అద్దెకున్నవాళ్ళు వెళ్ళిపోతే ఇల్లంతా ఖాళీ, ఇక్కడ ఒక గది ఖాళీ అయినా మిగతా పదిహేడూ నడుస్తాయట. వినడానికి బాగానే ఉంది. కానీ మేనల్లుడికి అద్దె కట్టేది ఆ నలభై ఐదుగురు కాదే! కంపెనీ కడుతుంది. పడకలు ఎన్ని నిండినా వీడికి అద్దెదారు ఒక్కడే. ఆ ఒక్కడు లేచిపోయిన రోజున నలభై ఐదు పడకలూ ఒకేసారి ఖాళీ.

జూన్ 10

మా పాత కస్టమరు ఒకాయన కొండాపూర్‌లో హాస్టల్ నడుపుతున్నాడు. కనిగిరి వైపు మనిషి. పొద్దున్నే వెళ్ళాను. భవనం ఆయనది కాదు, లీజు. ఇంతకు ముందు నడిపినవాళ్ళకి గుడ్‌విల్ కింద కొన్ని లక్షలు ముట్టజెప్పి మంచాలు, పరుపులు, గీజర్లు, ఫ్రిజ్జులు, వంటవాడితో సహా 'రన్నింగ్ హాస్టల్' కొనుక్కున్నాడు. వంటవాడితో సహా అన్నది ఆయన మాటే.

రిజిస్టరు తెరిచి చూపించాడు. పొడుగాటి లెడ్జరు. గది నంబరు, పక్కన ఎ, బి, సి అని పడకలు. డబ్బు కట్టి ఉంటున్నవాళ్ళ పేర్లు పెన్నుతో ఉన్నాయి. ఖాళీ చేస్తామని చెప్పినవాళ్ళ పేరు మీద ఒక గీత కొట్టి, పక్కనే పెన్సిలుతో తేదీ వేస్తాడు. నేను చూసిన పేజీలో 203-బి దగ్గర ఒక తేదీ, 301లో మూడు పడకలకీ ఒకే తేదీ. ముగ్గురూ ఒకే కంపెనీ పిల్లలు, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి మారిందట. "పొద్దున్నే పెన్సిలు తేదీలే చూసుకుంటా సార్. పెన్ను పేర్లు చూసి మురిసిపోతే మునుగుతాం" అన్నాడు.

వంటింట్లోకి తీసుకెళ్ళాడు. అంత పెద్ద గిన్నెలో ఉప్మా కలుపుతున్న కుర్రాడు ఒడిశా నుంచి వచ్చాడు, పల్లీ చట్నీ మాత్రం ఒంగోలు రుచే. గోడకి వారం మెనూ అంటించారు. బుధవారం గుడ్డు, ఆదివారం మధ్యాహ్నం చికెన్. "గది బాలేదని ఎవడూ వెళ్ళడు సార్. సాంబారు నీళ్ళగా ఉందని వెళ్తాడు. వైఫై ఆగిందంటే అదే రాత్రి పక్క హాస్టల్ చూసొస్తాడు." ఖాళీ పడకల కోసం ఆయన ప్రకటనలకు పెట్టే ఖర్చు దాదాపు సున్నా. ఆదివారం చికెన్‌కి మాత్రం వెనకాడడు.

లెక్క అడిగాను. ఆయనకీ 45 పడకలే. తిండి ఖర్చు తలకి మూడు వేలు. ఓనరు అద్దె, వంటవాళ్ళ జీతాలు, కరెంటు, గ్యాసు, ఎండాకాలం బోరు ఆగితే ట్యాంకర్లు. "ముప్ఫై నాలుగో పడక దాకా అందరికీ పంచడమే సార్. ముప్ఫై ఐదో పడక నుంచి నాది."

ఇంటికొచ్చాక ఆ వాక్యాన్ని కంపెనీ కాగితం పక్కన పెట్టి చూశాను. 95 శాతం అంటే నలభై మూడో పడక. తనే కూరగాయల మార్కెట్టుకి వెళ్ళి, తనే మేనేజరుగా కూర్చునే మనిషికి లాభం ముప్ఫై ఐదు దగ్గర మొదలవుతోంది. యాప్, కాల్ సెంటరు, ఏరియా మేనేజర్లు, పెట్టుబడిదారులు ఉన్న కంపెనీకి ఇంకా పైన మొదలు కావాలి. అంటే వాళ్ళ గ్యారంటీ నిలబడేది ఆ పైనున్న నాలుగైదు పడకల మీద.

ఇంకో సంగతి కూడా తేలింది. సంసారాలిచ్చే తొంభై వేలకీ కంపెనీ ఇచ్చే లక్షా ముప్ఫై ఐదు వేలకీ మధ్య తేడా స్థలం వల్లా రాలేదు, సిమెంటు వల్లా రాలేదు. అది వంట, చాకిరీ, ఇరుకు. ముగ్గురు ఒక గదిలో సర్దుకుంటున్నందుకు వచ్చే డబ్బు.

జూన్ 11

ప్లాను మళ్ళీ చూశాను. మునిసిపల్ అనుమతి స్టిల్టు మీద మూడంతస్తులకే. కంపెనీ కుర్రాడు మాటల్లో మాటగా "పైన ఇంకో రెండు వేసుకుంటే అద్దె రెండు లక్షలు దాటుతుంది సార్, అందరూ వేస్తున్నారు" అన్నాడట. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్ నగర్‌లో చిన్న ముక్కలో లేచిన భవనం పక్కవాళ్ళు పునాది తవ్వగానే ఒరిగింది, జనాన్ని ఖాళీ చేయించి కూల్చేశారు. ఈ జనవరిలో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో అనుమతి లేని బహుళ అంతస్తుల భవనాన్ని హైడ్రా నేలమట్టం చేసింది. రెండూ వీడి స్థలానికి స్కూటరు దూరమే. ఆ రెండు అంతస్తుల మాట మళ్ళీ నా ముందు ఎత్తొద్దన్నాను.

జూన్ 15

డ్రాఫ్టులో పదిహేడో క్లాజు: మహమ్మారి, ప్రభుత్వ ఆంక్షలు వగైరా వస్తే ఆ కాలానికి అద్దె కట్టనక్కర్లేదు. 2020 మార్చి 25 గుర్తొచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. హాస్టళ్ళు ఖాళీ చెయ్యమనడంతో పిల్లలు పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరి, అనుమతి పత్రాలు తెచ్చుకుని, బైకుల మీద, కార్లలో ఊళ్ళకు బయల్దేరారు. ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తే గంటల తరబడి రోడ్డు మీదే. ఆ తర్వాత ఐటీ ఆఫీసులు ఇళ్ళనుంచే నడిచినంత కాలం మాదాపూర్ వీధుల్లో ఎక్కడ చూసినా టు-లెట్ బోర్డులే.

ఆ అనుభవాన్ని కంపెనీలు పదిహేడో క్లాజుగా రాసుకున్నాయి. ఓనర్ల తరఫున అలా రాసుకున్న క్లాజు ఈ డ్రాఫ్టులో వెతికినా లేదు.

జూన్ 19

ఈ వ్యాపారం పుట్టి, పెరిగి, కూలిపోయిన వైనం మొత్తం ఒకే చోట చూడాలంటే తోక్యో చూడాలి. మేనల్లుడికి రాత్రి గంటసేపు చెప్పాను, రాసి పెట్టుకుంటున్నాను.

కంపెనీ పేరు స్మార్ట్ డేస్. వాళ్ళ ఇళ్ళ పేరు 'కబోచా నో బాషా', సిండ్రెల్లా కథలో గుమ్మడికాయ బండి. ఊళ్ళనుంచి తోక్యోకి ఉద్యోగాలకొచ్చే ఆడపిల్లలకు షేర్‌హౌస్‌లు. ఇలా నడిచేది: ఒక నెలజీతగాణ్ణి పట్టుకుంటారు. స్థలం చూపించి, ఇల్లు కట్టించి, అప్పు ఇప్పించి అతనిచేత కొనిపిస్తారు. ఆ ఇంటిని మళ్ళీ తామే మొత్తంగా లీజుకు తీసుకుని, గదులు నిండినా నిండకపోయినా ముప్ఫై ఏళ్ళు అద్దె ఇస్తామంటారు. అప్పులిచ్చింది షిజువోకా కేంద్రంగా నడిచే సురుగా బ్యాంకు. ఒక్కొక్కరి అప్పు పది కోట్ల యెన్‌ల పైమాటే. చేతినుంచి పెట్టాల్సింది లేదు, అద్దెతో కిస్తీ పోను ఇంకా మిగులుతుంది, రిటైరయ్యాక ఇల్లు నీది. ఇంత తీపి మాటకి మన దగ్గరైనా ఎవరు లొంగరు?

గది ఏడు చదరపు మీటర్లకు అటూ ఇటూ. అందరూ కూర్చునే హాలు పెట్టలేదు, పెడితే ఒక అద్దె గది తగ్గుతుంది. పేరుకి ఉమ్మడి జీవితం, లోపల వరసగా గడులు. సగం గదులు కూడా నిండలేదు. మరి ఓనర్లకు నెలనెలా అద్దె ఎలా వెళ్ళింది? కొత్త ఇల్లు అమ్మినప్పుడు ధరలో కలిపిన లాభం, కట్టినవాళ్ళ దగ్గర వెనక్కి పుచ్చుకున్న వాటా, వీటిలోంచి పాత ఓనర్లకు పంపేవారు. అద్దె అని ఓనరు అనుకున్నది అద్దెకున్న పిల్లల డబ్బు కాదు, తన వెనక క్యూలో నిలబడ్డ ఇంకో ఓనరు అప్పు. 2017 చివర్లో బ్యాంకు చెయ్యి బిగించింది. కొత్త ఇళ్ళు ఆగాయి. 2018 జనవరిలో ఓనర్లను పిలిచి ఇక అద్దె ఇవ్వలేమని చెప్పారు, మే నాటికి కంపెనీ దివాలా. గదుల్లో పిల్లలు ఉన్నారు, కిస్తీలు ఉన్నాయి, మధ్య మనిషి మాయం.

ఇళ్ళు అమ్ముకుందామంటే కొనేవాడు లేడు. హాలు లేని, సంసారం పట్టని ఇల్లు ఎవరికి కావాలి?

జపాన్ చట్టంలో ఇంకో చిత్రముంది. అక్కడ అద్దెకున్నవాణ్ణి ఊరికే పొమ్మనడానికి వీల్లేదు, సరైన కారణం చూపాలి. అద్దె ఎక్కువైందనిపిస్తే తగ్గించమని అడిగే హక్కు కూడా అతనికుంది. బలం లేని అద్దెదారు కోసం రాసిన రక్షణ అది. ఇక్కడ ఓనరు దగ్గర అద్దెకున్నది కంపెనీ. 2003 అక్టోబరులో జపాన్ సుప్రీంకోర్టు, ఇలా మొత్తంగా తీసుకుని తిరిగి అద్దెకిచ్చే కంపెనీలకు కూడా అద్దె తగ్గింపు అడిగే హక్కు వర్తిస్తుందంది. కాగితం మీద ఏళ్ళ తరబడి గ్యారంటీ ఉన్నా సరే. నెలజీతగాడైన ఓనరు మీద కంపెనీ, పేద అద్దెదారు గొడుగు కిందికి దూరి నిలబడింది.

జూన్ 20

బ్యాంకు మనిషిగా నాకు మింగుడుపడనిది ఇది. సురుగాలో షేర్‌హౌస్ అప్పులు తీసుకున్నవాళ్ళు 1,258 మంది, మొత్తం ఇరవై వేల కోట్ల యెన్‌ల పైన. అర్హత లేనివాళ్ళకి ఉన్నట్టు చూపించడానికి పాస్‌బుక్కుల్లో నిల్వలు దిద్దారు, అమ్మకపు ధర పెంచి రెండో ఒప్పందం రాశారు. బ్యాంకులోనే చాలామందికి ఈ సంగతి తెలుసని 2018 సెప్టెంబరులో విచారణ కమిటీ తేల్చింది. ఛైర్మన్ దిగిపోయాడు. అక్టోబరులో నియంత్రణ సంస్థ పెట్టుబడి ఇళ్ళ మీద కొత్త అప్పులు ఆరు నెలలు ఆపించింది. ఓనర్లు రోడ్డెక్కి పోరాడితే 2020 మార్చిలో ఇల్లు అప్పగించినవాళ్ళకి అప్పు మాఫీ అనే రాజీ కుదిరింది, తొలి విడతలో 257 మందికి. అదే ఏడాది కొత్త చట్టం వచ్చింది. ఇప్పుడు అక్కడ గ్యారంటీ అద్దె అని ఊరించేవాడు, ఆ అద్దె తగ్గొచ్చన్న సంగతి కూడా సంతకానికి ముందే రాసి చెప్పాలి.

మన హోమ్‌లోన్ కౌంటర్లలో జీతం స్లిప్పులు దిద్దించే ఏజెంట్లను చూసినవాణ్ణి. తోక్యో పెద్ద దూరమనిపించలేదు.

జూన్ 24

క్లాజులు. లీజు తొమ్మిదేళ్ళు. ఓనరుకి లాక్-ఇన్ తొమ్మిదేళ్ళూ. కంపెనీకి లాక్-ఇన్ ఆరు నెలలు, ఆ తర్వాత రెండు నెలల నోటీసుతో ఎప్పుడైనా పోవచ్చు. మొదటి మూడు నెలలు 'సెటప్ పీరియడ్', అద్దె లేదు. ఆక్యుపెన్సీ 70 శాతం కంటే తగ్గితే గ్యారంటీని 'పరస్పర చర్చలతో' సవరిస్తారు. ఈ చర్చల్లో ఒకవైపు కూర్చునేది కిస్తీ తేదీ దగ్గరపడ్డ మా మేనల్లుడు.

రిజిస్ట్రేషన్ ఊసు లేదు. ఏడాది దాటే లీజు రిజిస్టరు కావాలి. కాకపోతే కోర్టులో ఆ తొమ్మిదేళ్ళ మాట నిలబడదు, నెలసరి అద్దె కిందే చూస్తారు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని కంపెనీ వాళ్ళు నోటరీ చాలంటున్నారు. మిగిలేది వాళ్ళకే.

జూన్ 29

మా స్నేహితుడి కూతురు లండన్‌లో పంచుకునే ఇంట్లో గది తీసుకుంది. అక్కడ వేర్వేరు కుటుంబాలవాళ్ళు ఐదుగురో అంతకంటే ఎక్కువో ఉండే ఇంటికి లైసెన్సు తప్పనిసరి. 2018 అక్టోబరు నుంచి ఇంగ్లండులో అలాంటి ఇళ్ళల్లో ఒకరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికైతే 10.22 ఉండాలి.

టేపు తీసి మన ప్లాను కొలుచుకున్నాను. పది బై పన్నెండు గది, 11.15 చదరపు మీటర్లు. అక్కడి లెక్కలో ఇద్దరికి సరిపోతుంది. మనవాళ్ళు 'ప్రీమియం త్రీ షేరింగ్' అంటున్నారు. మూడు మంచాలు వేశాక అలమర తలుపు సగమే తెరుచుకుంటుంది. ఈ మాట మేనల్లుడి భార్య కూడా అంది. పెళ్ళికి ముందు గచ్చిబౌలిలో అలాంటి గదిలోనే ఉండేదట, మంచం కిందే సూట్‌కేసు, సూట్‌కేసులోనే సంసారం. వాడికంటే ఆమె ప్రశ్నలు పదునుగా ఉన్నాయి.

జూలై 6

పన్నుల సంగతి, క్లుప్తంగా. ఇల్లు అద్దెకిచ్చిన ఆదాయం ఇంటి ఆదాయమే. 2024 బడ్జెట్టు తర్వాత దాన్ని వ్యాపారాదాయంగా చూపే వీలు లేదు. మునిసిపల్ పన్ను తీసేశాక 30 శాతం మినహాయింపు, అప్పు వడ్డీ, అంతే. మంచాలూ ఏసీలూ మనమే కొనిస్తే వాటి తరుగుదల ఈ లెక్కలోకి రాదు. అందుకే ఫర్నిచరు కంపెనీయే పెట్టుకోవాలి. పన్నుల కొత్త పద్ధతిలో వడ్డీ నష్టాన్ని జీతంలోంచి తీసేసుకోవడమూ కుదరదు. కంపెనీ అద్దెలో పది శాతం టీడీఎస్ కోసి ఇస్తుంది, కిస్తీ లెక్క వేసేటప్పుడు ఇది మర్చిపోతారు.

హాస్టల్ మీద జీఎస్టీ గొడవ 2023లో కర్ణాటకలో రేగింది, పీజీలు నివాసం కిందికి రావని 12 శాతం కట్టమన్నారు. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్, మనిషికి నెలకి ఇరవై వేల లోపు, వరసగా కనీసం తొంభై రోజులుంటే మినహాయింపునిచ్చింది. మనవాడి 8,500 పడకకి ఇబ్బంది లేదు, పిల్లలు మూడు నెలలు నిలవాలి మరి. ఆదివారం చికెన్ మళ్ళీ గుర్తొచ్చింది.

జూలై 13

మేనల్లుడు భోజనానికొచ్చాడు. "పెద్ద కంపెనీ అయితే భయం లేదు కదా మామయ్యా?" పెద్దతనం గురించి నెస్ట్‌అవే కథ చెప్పాను. 2015లో బెంగళూరులో మొదలై, బ్యాచిలర్లకు ఇల్లివ్వని ఊళ్ళో ఓనరుకీ కుర్రాళ్ళకీ మధ్య నిలబడి పడకలవారీగా అద్దెకిప్పించింది. మంచి ఆలోచన. టైగర్ గ్లోబల్ లాంటివాళ్ళు డబ్బు పోశారు. 2023లో ఆరం ప్రాప్‌టెక్ సుమారు 90 కోట్లకు కొనేసుకుంది. అంత డబ్బుండీ కష్టమైన పని ఇది. పెట్టుబడిదారుల సొమ్ముతో ఇచ్చే గ్యారంటీ, పడకల సొమ్ముతో ఇచ్చే గ్యారంటీ ఒకటి కావు. మొదటిది వాళ్ళ ఓపికున్నంత కాలమే.

"అయితే అసలు వద్దంటారా?" వద్దనలేదు. నాకీ వ్యాపారం మీద కోపం లేదు. శ్రీకాకుళం నుంచి, సిద్దిపేట నుంచి మొదటి ఉద్యోగానికొచ్చే పిల్లకి రెండు నెలల అడ్వాన్సు, గ్యాసు కనెక్షను, మంచం, ఓనరు పెట్టే కుల ప్రశ్న, ఇవేమీ లేకుండా ఒక సాయంత్రంలో చోటు దొరకడం చిన్న విషయం కాదు. ఈ నగరం అవసరం అది. ఓనరు తనెక్కడ నిలబడ్డాడో తెలిసి దిగాలి, అంతే.

జూలై 20

కంపెనీ కుర్రాడొచ్చాడు. మర్యాదస్తుడు, బూట్లు బయటే విప్పాడు. "ఇది మా స్టాండర్డ్ ఫార్మాట్ సార్." కాఫీ అయ్యాక ఒకటే అడిగాను: ఈ చుట్టుపక్కల మీరు నడిపే మూడు భవనాల్లో గత ఏడాది నెలనెలా ఎన్ని పడకలు నిండాయో చూపించండి. కాన్ఫిడెన్షియల్ అన్నాడు. కనిగిరాయన లెడ్జరు బల్ల మీద పెట్టి చూపించాడు మరి, ఆయనకి లేని రహస్యం వీళ్ళకేమిటో.

బేరం కొంత కుదిరింది. కంపెనీ లాక్-ఇన్ రెండేళ్ళకు ఒప్పుకున్నారు, ఆరు నెలల డిపాజిట్, రిజిస్ట్రేషన్ ఖర్చు చెరిసగం. ఉంటున్న పిల్లల అడ్వాన్సులకు కంపెనీదే బాధ్యత అని ఒక వాక్యం రాయించాను. కంపెనీ ఎత్తేస్తే నలభై ఐదుగురూ గేటు దగ్గర ఓనరునే నిలదీస్తారు. 70 శాతం క్లాజు మాత్రం కదల్లేదు.

జూలై 27

శ్రావణం వచ్చింది. ఇంజనీరుతో కూర్చున్నాం. కంపెనీ ఇచ్చిన ప్లానులో అంతస్తుకి ఆరు గదులు, ఆరు బాత్రూములు, ఎక్కడా వంటిల్లు లేదు. అలా కడితే కంపెనీ వెళ్ళాక ఆ ఇల్లు ఇంకో కంపెనీకి తప్ప ఎవరికీ పనికిరాదు. తోక్యో ఓనర్లను ముంచింది సగం అద్దె, సగం ఈ గోడలు. ప్రతి అంతస్తులో ఒక మూల వంటింటికి నీళ్ళ పైపు, డ్రైనేజీ ఇప్పుడే వేసి మూసేయమన్నాను. రెండు బాత్రూములు రేపు తీసేసినా స్లాబు పగలగొట్టక్కర్లేకుండా చూడమన్నాను. నాలుగు గోడలు పడగొడితే అంతస్తంతా డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు కావాలి. ఇంజనీరు తల గోక్కుని, రెండున్నర లక్షలు అదనం అన్నాడు.

"కంపెనీ పోతుందని ముందే అనుకుని కట్టడమేంటి మామయ్యా?" అన్నాడు మేనల్లుడు.

"అప్పు మంజూరు చేసే ప్రతిసారీ మేం ముందు అదే అనుకునేవాళ్ళంరా."

ఆగస్టు 3

కనిగిరాయన ఫోన్ చేశాడు. స్థలం సంగతి ఎలా తెలిసిందో తెలిసింది. ఇల్లు పూర్తయ్యాక తనే తీసుకుంటాడట. లక్షా పదిహేను వేలు, ఎనిమిది నెలల అడ్వాన్సు, సెటప్ పీరియడ్ ఒక నెల. గ్యారంటీ అన్న మాటే ఎత్తలేదు. అద్దె ఆలస్యమైతే అడ్వాన్సులో కోసుకోమన్నాడు. కంపెనీ కంటే ఇరవై వేలు తక్కువ. నా ఓటు ఆయనకే, ముప్ఫై ఐదో పడక ఎక్కడ మొదలవుతుందో ఆయనకి తెలుసు కాబట్టి. మేనల్లుడి భార్య కూడా నా వైపే, త్రీ షేరింగ్ గదులన్నీ టూ షేరింగ్ చెయ్యాలని షరతు పెట్టింది. లెక్క మళ్ళీ మొదటినుంచి వెయ్యాలి. మా చెల్లెలు మాత్రం ఈ పడకల గోల ఎందుకు, మూడు సంసారాలకిచ్చి హాయిగా ఉండమంటోంది. పైగా మొదటి అంతస్తు తనకే కావాలట.